డబ్లిన్‌లో డాక్టర్ ఖర్చు గురించి: ముందు పాపకి కార్డు తీసుకోండి

అయిదేళ్ళ పాపకి జలుబు, జ్వరం వచ్చిన ప్రతిసారీ జీపీకి (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్‌కి) అరవై యూరోలు, మందులకి వేరే, పైగా అద్దె... జీతమంతా ఇలాగే పోతోందని రాశారు కదండీ. జీపీకి కట్టే అరవై మాత్రం మీరు కట్టాల్సిన పనే లేదు.

ఐర్లండ్‌లో 8 ఏళ్ళలోపు పిల్లలకి జీపీ విజిట్ కార్డు ఉచితం. 2023 ఆగస్టు నుంచి ఇదే రూలు, మీ జీతం ఎంతని అడగరు. హెచ్ఎస్ఈ (ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) సైట్‌లో పాప పీపీఎస్ నంబరుతో (ప్రభుత్వ సేవలకి ఇచ్చే గుర్తింపు నంబరు) అప్లై చేయండి. చిక్కల్లా డాక్టర్ దగ్గరే: చాలా క్లినిక్‌లు కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు. మేము ఫోన్ చేస్తే నాలుగు చోట్ల కాదన్నాక అయిదో రిసెప్షనిస్టు "సరే, తీసుకురండి" అంది. కాబట్టి ముందు ఫోన్లు, తర్వాత ఫారం.

ఈ కార్డు మందులకి పనికిరాదు. దానికి డ్రగ్స్ పేమెంట్ స్కీమ్ ఉంది. ఇంటిల్లిపాదికీ కలిపి నెలకి 80 యూరోలు దాటితే, స్కీమ్‌లో ఉన్న మందులకి మిగతాది మీరు కట్టక్కర్లేదు. మీవి, మీ ఆవిడవి కూడా ఒకే ఫార్మసీలో తీసుకుంటే లెక్క సులువు.

రాత్రిపూట కంగారులో నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళకండి, 100 యూరోలు వేస్తారు. జీపీ రాసిన ఉత్తరం చేతిలో ఉంటే ఆ వంద ఉండదు. మేము ఒకసారి కట్టాకే తెలిసింది లెండి!

పెద్దవాళ్ళ జీపీ ఫీజుల రసీదులు పారేయకండి. రెవెన్యూ (పన్నుల శాఖ) సైట్‌లో పెడితే ఆ ఫీజుల్లో 20 శాతం మీరు కట్టిన పన్నులోంచి వెనక్కి వస్తుంది, నాలుగేళ్ళ పాతవి కూడా. అద్దెకి రెంట్ టాక్స్ క్రెడిట్ (పన్నులో తగ్గింపు) అక్కడే ఉంటుంది, 2024కి మనిషికి 1000 యూరోల దాకా. అద్దె ఒప్పందం దగ్గర పెట్టుకుని కూర్చోండి.