ముందు ఆగడం సంగతి చూసుకో

అమ్మడూ,

పాత కారు కొంటున్నావట. వెనక సైకిలు కట్టుకుని, మీ బృందంతో కొండ ఎక్కుతావట. అక్క చెప్పినప్పటి నుంచి నాకు సంబరం, బెంగ రెండూను. మన ఇంట్లో బండ్ల పిచ్చి నీకూ వచ్చినందుకు గర్వంగానే ఉంది. కానీ అక్క ఫోన్‌లో "ఘాట్ రోడ్డు" అనగానే నా మనసు ఎక్కడికో పోయింది.

కాగితాల్లోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో పోల్చుకో. చల్లటి ఇంజిన్‌నే నీ ముందు స్టార్ట్ చేయమను. ముందే వేడెక్కించి పెడితే లోపాలు బయటపడవు. టైర్ల గాడులు లోతుగా ఉన్నాయని మురిసిపోకు. పక్క భాగం మీద ఇంగ్లీషులో DOT అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. తిరగకుండా పడున్నా రబ్బరు గట్టిపడుతుంది, పగులుతుంది. స్టెప్నీ అంకెలూ చూడు.

ఇక బ్రేకు. ఇది రెండుసార్లు చదువు.

మీ నాన్న మొదటి కారు కొన్నప్పుడు, డబ్బాలో బ్రేకు ఫ్లూయిడ్, అంటే కాలి బలాన్ని చక్రాల దాకా మోసే ద్రవం, తగ్గితే మెకానిక్ పైన కాస్త పోసి గీత దాకా నింపేవాడు. పాతది తీసి మార్చింది లేదు. గీత దాకా ఉంది కదా అని బావకు ధీమా. ఆ రోజు ఘాట్ దిగుతున్నాం. నిన్ను ఒళ్ళో పెట్టుకుని అక్క వెనక కూర్చుంది. బావ టాప్ గేరులోనే దింపుతూ, కాలు బ్రేకు మీద నుంచి తియ్యలేదు. కొన్ని మలుపులయ్యాక పెడల్ మెత్తబడింది. తర్వాతి మలుపులో ఏకంగా నేలకు తాకింది. పెడల్ టపటపా కొడుతూ, గేర్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగుతూ, కొండ వైపు మట్టి కుప్పలోకి ఎక్కించి ఆపాడు. నువ్వు నిద్ర కూడా లేవలేదు.

అసలు పొరపాటు ఆ తర్వాత జరగబోయింది. కాసేపటికి చూస్తే పెడల్ మళ్ళీ గట్టిగా, మామూలుగా ఉంది. "ఏం లేదు, పదండి" అన్నాడు బావ. నేను తాళంచెవి లాక్కున్నాను.

ఎందుకో చెబుతాను. మామూలుగా వాడే ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ అయితే కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ వేడి చక్రాల దగ్గరి ఫ్లూయిడ్‌కు పాకి, అది మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. నీ కాలి బలం చక్రం దాకా చేరదు. చల్లారితే బుడగలు మాయమై పెడల్ బాగుపడినట్టు కనిపిస్తుంది. అందుకే గ్యారేజీకి తీసుకెళ్ళినా "బాగానే ఉంది" అని పంపేస్తారు. డబ్బాలో మట్టం చూసి ఇది కనిపెట్టలేవు తల్లీ.

బండి చేతికి రాగానే ఫ్లూయిడ్ మొత్తం తీయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్, అంటే గొట్టాల్లోని గాలీ పాత ఫ్లూయిడూ బయటికి తీయడం, చేయించు. అక్కడే నిలబడి చూడు. తర్వాత రెండేళ్ళకోసారి మార్పించు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ వేశావో, నాతో మాట్లాడకు. ముందు స్పీకర్లు మార్పిస్తానన్నావట! వద్దనను. బ్రేకు పని అయ్యాక నీ ఇష్టం.

సైకిలుకూ నా భయం అదే. రిమ్‌ను పట్టే బ్రేకులైతే రిమ్ పక్క గోడ వేలితో తడిమి చూడు. లోపలికి గుంటపడితే అరిగిపోయినట్టే, మార్చెయ్. ముందు బ్రేకంటే పడేస్తుందని నీకు చిన్నప్పటి నుంచీ జంకు. కానీ ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికే వస్తుంది, ఎక్కువ ఆపేది అదే. ఒళ్ళు కాస్త వెనక్కి జరిపి, మెల్లగా నొక్కడం ఖాళీ మైదానంలో అలవాటు చేసుకో. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, విప్పేటప్పుడు సవ్యదిశలో తిప్పు. స్టీలు ఫ్రేములో అల్యూమినియం సీటు కడ్డీ ఉంటే అప్పుడప్పుడూ తీసి గ్రీజు రాయి, లేకపోతే బిగుసుకుపోయి ఊడి రాదు.

బండి తెచ్చిన రోజే నాకు ఫోన్ చేసి ఐదు టైర్ల అంకెలూ చదివి వినిపించు. బ్లీడింగ్ చేయించే రోజు ముందుగా చెబితే నేనూ వస్తాను.

నీ మామయ్య