అడగండి చెబుతాం: ఏడేళ్ల ద్వీపాంతరం

ప్రశ్న: మా అమ్మాయి సిడ్నీలో ఉంటోంది. మొన్న వెళ్ళినప్పుడు హైడ్ పార్క్ బ్యారక్స్ చూశాం. బ్రిటిష్ ఖైదీలు పడుకున్న గుడ్డ ఉయ్యాలలు వరసగా కట్టి ఉన్నాయి. పగలంతా బయట పనిచేసి రాత్రికి వచ్చేవారట. మరి శిక్ష ఎక్కడుంది? ఏడేళ్ల శిక్ష నిండితే ఇంగ్లండు తిరిగి వెళ్ళేవారా?
- ఓ పాఠకురాలు, భవానీనగర్, తిరుపతి

జవాబు: దేశం దాటించడమే శిక్ష, దాన్నే ద్వీపాంతరం అంటారు. చుట్టూ సముద్రం, లోపల ఎరగని అడవి. గోడలతో పెద్దగా పనిలేదు. 1788 నుంచి 1868 దాకా దాదాపు 1,62,000 మందిని ఆస్ట్రేలియాలో అలా దింపారు. మీరు చూసిన బ్యారక్స్ 1819లో తెరిచారు. దాని నమూనా గీసిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే కూడా ఫోర్జరీ కేసులో శిక్షపడి వచ్చినవాడే. అంతకుముందు ఖైదీలు మధ్యాహ్నం దాకా సర్కారు పని చేసి, ఆపైన కూలికి పోయి, ఆ డబ్బుతో గది అద్దె కట్టుకునేవారు.

ఓడ దిగగానే గుమాస్తా నేరం, వృత్తి, ఎత్తు, కళ్ళ రంగు, పచ్చబొట్లు అన్నీ రాసుకునేవాడు. పారిపోతే పట్టుకోవడానికి అవే గుర్తులు. వడ్రంగం, తాపీపని వచ్చినవాళ్ళను సర్కారు తన దగ్గరే ఉంచుకుని, చాలామందిని భూములున్న దొరలకు అప్పగించేది. దొర తిండి, బట్ట ఇవ్వాలి, జీతం అక్కర్లేదు. తనంతట తాను కొరడా ఎత్తకూడదు, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. వినడానికి రక్షణలాగే ఉంటుంది. కానీ ఆ మేజిస్ట్రేటు చాలాచోట్ల పక్క ఎస్టేటు దొరే! ఎదురు మాట్లాడినందుకు కూడా 25, 50 దెబ్బలు పడేవి. ఈ పద్ధతి మొత్తంలో అన్యాయం బాగా పేరుకున్నది ఇక్కడేనని మా అభిప్రాయం.

బుద్ధిగా ఉన్నవాడికి ‘టికెట్ ఆఫ్ లీవ్’ దొరికేది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ఏడేళ్ల శిక్షకు నాలుగేళ్ల తర్వాత, పద్నాలుగేళ్లకు ఆరేళ్ల తర్వాత, యావజ్జీవానికి ఎనిమిదేళ్ల తర్వాత. అది చేతికొస్తే నచ్చినచోట కూలి చేసుకోవచ్చు. అయితే అందులో రాసిన జిల్లా దాటకూడదు, హాజరు తప్పకూడదు. తాగి పట్టుబడినా రద్దే.

గడువు తీరితే విడుదల పత్రం ఇచ్చేవారు. యావజ్జీవం పడ్డవాడికి అది రాదు. షరతులతో క్షమాభిక్ష వస్తే స్వేచ్ఛగా బతకొచ్చు, స్వదేశం మాత్రం వెళ్ళకూడదు. ఏడేళ్లవాడు వెళ్ళొచ్చు గానీ ఓడ కిరాయి సొంతంగా పెట్టుకోవాలి. నెలల తరబడి ప్రయాణం, కూలివాడి వల్ల అయ్యేపని కాదు. కొందరు మగవాళ్ళు ఓడలో పనిచేస్తూ చేరుకున్నారు. ఆడవాళ్ళకు ఆ దారీ లేదు. అందుకే ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. గడువు తీరకుండా ఇంగ్లండులో కనబడితే, 1834 దాకా చట్టప్రకారం ఉరి.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో దొరికిన పాత కోర్టు కాగితంలో ‘యావజ్జీవ ద్వీపాంతరవాసం’ అని ఉంది. ఇదీ అలాంటిదేనా?
- ఓ పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మాట అదే, చేర్చే ఒడ్డు వేరు. 1858 నుంచి మనవాళ్ళను అండమాన్ పంపారు. అయితే ఆ మాట చూసి అండమాన్ వెళ్ళారని నిర్ధారించుకోకండి. ఆ శిక్షను ఇక్కడి జైళ్ళలోనే గడిపినవారు చాలామంది. ముందు కాగితం మీది సంవత్సరం చూడండి. 1945 తర్వాతిదైతే అండమాన్ మాటే లేదు. 1956 జనవరి నుంచి చట్టంలోనే ఆ మాట తీసేసి ‘జీవిత ఖైదు’ అని మార్చారు.