గెలాక్సీలన్నీ మన నుంచే దూరమవుతుంటే విశ్వానికి నడిమధ్యన ఉన్నది మనమేనా?

కాదు. నేను శాస్త్రవేత్తను కాను, బైనాక్యులర్లతో ఆకాశం చూడటం అలవాటైన గుమాస్తాను. ఇదే సందేహం నన్నూ చాలాకాలం వేధించింది కనుక, అది ఎలా తీరిందో రాస్తున్నాను.

లంగాలకు వేసే ఎలాస్టిక్ పట్టీ మీద అంగుళానికొకటి చొప్పున సిరా చుక్కలు పెట్టి, పొడవు రెట్టింపయ్యేలా సాగదీశాను. ఏ చుక్క నుంచి కొలిచినా, అంగుళం దూరంలోనిది రెండంగుళాలకు, రెండంగుళాల దూరంలోనిది నాలుగంగుళాలకు జరిగింది. పట్టీని విస్తరిస్తున్న విశ్వమనీ, చుక్కలను గెలాక్సీలనీ అనుకుంటే, ప్రతి చుక్కా తక్కినవన్నీ తన నుంచే పారిపోతున్నాయనీ, దూరంగా ఉన్నది మరింత వేగంగా పోతోందనీ అనుకోవచ్చు. దూరానికీ వేగానికీ ఉన్న ఈ పొత్తును 1927లో బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్ ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాల నుంచి రాబట్టగా, 1929లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ పరిశీలనలతో చూపించాడు. ఇప్పటి కొలతల్లో అది ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు సుమారు 70 కిలోమీటర్లు; ఆ లెక్కన 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న కోమా గెలాక్సీల గుంపు సెకనుకు దాదాపు 7,000 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది. అక్కడివారెవరైనా మనల్ని చూస్తే మన గురించీ అదే అంటారు. (పట్టీకి రెండు కొసలున్నాయి కనుక దానికి నడుమ అనేది ఉంది, విశ్వానికి అటువంటి కొస ఇంతవరకు ఎవరికీ కనబడలేదు.)

అయితే నా సిరా చుక్కలు కూడా సాగి గీతలయ్యాయి. ఆ ప్రకారం పాలపుంత, సౌరకుటుంబం, నేను కూర్చున్న కుర్చీ సైతం సాగాలి కదా అన్న తికమక, చుక్కల బదులు గుండీలు కుట్టి చూశాక తీరింది. పట్టీ సాగింది, గుండీలు సాగలేదు. గెలాక్సీలోని నక్షత్రాలను గురుత్వాకర్షణ, కుర్చీలోని పరమాణువులను విద్యుత్ బలాలు ఇలాగే పట్టి ఉంచుతాయి.

ఇంత తెలుసుకుని, ఒక కార్తీక అమావాస్య రాత్రి మా ఊరి చెరువుగట్టు మీద నుంచి, ఉత్తరాభాద్ర నక్షత్రాలకు ఈశాన్యంగా వెతికితే, పొగమరకలాగా ఆండ్రోమెడా గెలాక్సీ కనిపించింది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న అది కూడా పారిపోతోందని ఇంట్లో అందరికీ చెప్పాను, పొరపాటున. నిజానికి అది మనవైపే వస్తోందని, విశ్వవిస్తరణ సంగతి తేలకముందే, 1912లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త స్లైఫర్ దాని వర్ణపటంలో (రంగులుగా విడదీసిన కాంతిలో) గమనించాడు. అతనికి సెకనుకు 300 కిలోమీటర్లు వచ్చింది గాని, పాలపుంత చుట్టూ సూర్యుడు తిరిగే వేగం తీసివేస్తే మిగిలేది సుమారు 110. అంత దగ్గరలో విస్తరణ వాటా సెకనుకు యాభై కిలోమీటర్ల చిల్లరే కనుక, రెండు గెలాక్సీల పరస్పరాకర్షణదే అక్కడ పైచేయి.