పోలియో చుక్కల నుంచి ఎయిడ్స్ పుట్టిందా?

ప్రశ్న: ఆఫ్రికాలో చింపాంజీ కిడ్నీలతో తయారుచేసిన పోలియో చుక్కల వల్లే ఎయిడ్స్ పుట్టిందని వాట్సాప్‌లో వచ్చింది. మా మనవడికి చుక్కలు వేయించాలంటే భయంగా ఉంది. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: భయపడకుండా వేయించండమ్మా. పుట్టగానే ఒకసారి, తర్వాత 6, 10, 14 వారాలకు, మళ్లీ 16–24 నెలల మధ్య బూస్టర్. ఏదీ తప్పనివ్వకండి.

ఆ వాదనను శాస్త్రవేత్తలు ఊరికే కొట్టిపారేయలేదు, పరీక్షించి చూశారు. 1957–60 మధ్య బెల్జియన్ కాంగోలో (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) వైరస్ శాస్త్రవేత్త కోప్రోవ్‌స్కీ బృందం ‘చాట్’ అనే పోలియో చుక్కలను లక్షల మందికి వేసిన మాట నిజం. వాటిని చింపాంజీ కణాల్లో పెంచారని పాత్రికేయుడు ఎడ్వర్డ్ హూపర్ 1999లో పుస్తకం రాశారు. అప్పటి మందు కొంత ఫ్రీజర్లలో మిగిలే ఉంది. తీసి పరీక్షిస్తే హెచ్ఐవీ లేదు, చింపాంజీ డీఎన్ఏ లేదు. కనిపించింది మకాక్ కోతుల కణాలే. పైగా హూపర్ చెప్పిన, కాంగోలోని కిసంగానీ ప్రాంతపు చింపాంజీల్లో ఉండే హెచ్ఐవీ లాంటి వైరస్‌ది వేరే శాఖ అని 2004లో తేలింది. మనుషుల్లో ఎయిడ్స్‌కు ప్రధాన కారణమైన హెచ్ఐవీ-1కు దగ్గరి చుట్టం ఆగ్నేయ కామెరూన్ చింపాంజీల్లో ఉంది. అడవిలో వాటి పెంటికలు ఏరి, పరీక్షించి 2006లో పట్టుకున్నారు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కాలం. కాంగో రాజధాని కిన్షాసాలో 1959 నాటి ఒక రక్త నమూనా, 1960లో ఒక మహిళ లింఫ్ గ్రంథి నుంచి తీసి మైనంలో భద్రపరిచిన ముక్క దొరికాయి; రెండింటిలోనూ హెచ్ఐవీ ఉంది. ఆ ముక్కలో వైరస్ జన్యుపదార్థం తునాతునకలైపోయింది; చిన్న చిన్న భాగాలుగా చదివి అతికించాల్సి వచ్చింది. చూస్తే ఆ రెండు వైరస్‌లకూ మధ్య చాలా తేడా! అంత తేడా రావాలంటే దశాబ్దాలు పట్టాలి. ఏ ఏడాది తీసినవో తెలిసిన నమూనాలను పోల్చి, వైరస్ ఎంత వేగంగా మారుతుందో లెక్కకట్టారు. ఆ వేగంతో వెనక్కి వెళితే ఉమ్మడి మూలం 1908 ప్రాంతంలో తేలింది. ఈ లెక్కలో కొంత అటూఇటూ ఉంటుంది కాబట్టి 1884–1924 మధ్య అంటారు. ఎటు చూసినా పోలియో చుక్కలు అప్పటికింకా పుట్టనే లేదు. వేటాడిన జంతువును కోసేటప్పుడు దాని రక్తం గాయానికి తగిలి మనిషికి సోకిందన్నదే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ప్రశ్న: మరి ఎయిడ్స్ వైరస్ అమెరికా ల్యాబ్‌లో తయారైందంటారే?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ పుట్టించిన ప్రచారం. మొదట అచ్చయింది మన ఢిల్లీలోనే, 1983లో ‘పేట్రియట్’ పత్రికలో, పేరు లేని ఉత్తరంగా. 1992లో రష్యా గూఢచార విభాగాధిపతి ప్రిమకోవ్ ఆ సంగతి ఒప్పుకున్నారు. జన్యువులను కత్తిరించి అతికించే పద్ధతి 1970లలో గానీ రాలేదు. కిన్షాసా నమూనాల్లో ఈ వైరస్ అప్పటికి పదేళ్ల ముందు నుంచే ఉంది.