క్యాన్సిల్ నొక్కినా గ్రిడ్‌లో మార్పులు ఉండిపోతుంటే

ఎడిట్ విండోలో క్యాన్సిల్ నొక్కినా వెనకున్న డేటాగ్రిడ్‌లో మారిన విలువలే కనిపిస్తున్నాయన్నారు కదా, అందులో డబ్ల్యూపీఎఫ్ (విండోస్ యాప్‌ల తెరలు కట్టే డాట్‌నెట్ సాధనం) బైండింగ్, అంటే డేటాని తెరకు కలిపే ఏర్పాటు, తప్పేమీ లేదండీ. ఎడిట్ విండో కోసం పాత అబ్జర్వబుల్‌కలెక్షన్‌ని (మార్పులను తెరకు తెలిపే జాబితా) కన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చి మీరు చేసిన కాపీలో కొత్తది జాబితా ఒక్కటే. లోపలి ఆర్డర్ ఆబ్జెక్టులు పాతవే, అందుకే విండోలో మార్చినవి గ్రిడ్‌లోనూ కనిపిస్తాయి. జాబితా కాపీ ఇచ్చే టూలిస్ట్ మెథడ్ వాడినా ఇదే కథ.

ఆర్డర్ క్లాసులో కాపీ కన్‌స్ట్రక్టర్ రాయండి, అంటే పాత ఆబ్జెక్ట్ విలువలు తీసుకుని కొత్తది తయారుచేసేది. స్ట్రింగ్‌లు, సంఖ్యలు, తేదీలు నేరుగా ఇచ్చేయొచ్చు. ఆర్డర్‌లో ఉన్న ఐటమ్స్ కలెక్షన్‌ని మాత్రం అలా ఇవ్వకూడదు, ఒక్కో ఐటమ్‌కీ కొత్త ఆబ్జెక్ట్ చేసి నింపాలి. చాలామంది ఈ ఐటమ్స్ పని చేయకుండానే ఆగిపోయి, కాపీ పనిచేయట్లేదంటారు. తర్వాత జాబితాలో ఒక్కోదాన్నీ మార్చి ఇచ్చే సెలెక్ట్ మెథడ్‌లో ప్రతి ఆర్డర్‌కీ ఆ కన్‌స్ట్రక్టర్‌ని పిలిస్తే సరి.

డాట్‌నెట్‌లో సిద్ధంగా ఉన్న కాపీ మెథడ్ మెంబర్‌వైజ్‌క్లోన్ జోలికి వెళ్లొద్దు. అది పైపై కాపీ మాత్రమే, పైగా ప్రాపర్టీఛేంజ్‌డ్‌కి (విలువ మారిందని తెలిపే ఈవెంట్) తగిలించిన హ్యాండ్లర్లను కూడా మోసుకొస్తుంది. నకలులో ఏది మారినా అసలు ఆబ్జెక్ట్ హ్యాండ్లర్లు పరుగెడతాయి. పట్టుకోవడం నరకం! పాత సలహాల్లో కనిపించే, ఆబ్జెక్టులను బైట్లుగా మార్చి వెనక్కి తెచ్చే బైనరీఫార్మాటర్‌ని డాట్‌నెట్ 9లో తీసేశారు. జేసన్‌గా (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) మార్చి వెనక్కి తెచ్చుకోవడం చిన్న క్లాసులకు ఫర్వాలేదు గానీ, ప్రైవేట్ ఫీల్డులు రావు. ఐటమ్ నుంచి ఆర్డర్‌కి తిరుగు రిఫరెన్స్ ఉంటే ఒకదాన్నొకటి చుట్టూ చూపిస్తున్నాయనే సైకిల్ ఎర్రర్ కూడా వస్తుంది.

సేవ్ నొక్కినప్పుడు కలెక్షన్ మొత్తాన్ని మార్చేయకండి, గ్రిడ్‌లో ఎంచుకున్న వరుస పోతుంది. ఐడీతో పోల్చి, విలువలను అసలు ఆబ్జెక్టుల్లోకి రాయండి.

ఒకసారికి ఒక్క వరుసే ఎడిట్ చేస్తారనుకుంటే ఇంత అక్కర్లేదు, ఆర్డర్ క్లాసులో ఐఎడిటబుల్‌ఆబ్జెక్ట్ (ఎడిట్ మొదలుపెట్టడం, రద్దు చేయడం కోసం ఉన్న ఇంటర్‌ఫేస్) అమలు చేస్తే చాలు.