మినీడిస్క్‌లోని పాత రికార్డింగులు కంప్యూటర్లోకి ఎలా తేవాలి?

మినీడిస్క్ అంటే శబ్దం రికార్డు చేసుకునే చిన్న డిస్క్. నెట్‌ఎండీ రికార్డర్‌ని (కంప్యూటర్‌కి కలపగలిగే మినీడిస్క్ రికార్డర్‌ని) యూఎస్‌బీతో కలిపితే ట్రాకుల పేర్లు కనబడుతున్నాయి గానీ మైకుతో చేసిన రికార్డింగులు కాపీ కావడం లేదన్నారు కదా, రికార్డర్ పాడైందేమోనని టెన్షన్ పడకండి. 2001లో సోనీ నెట్‌ఎండీ తెచ్చినప్పుడే కంప్యూటర్ నుంచి డిస్క్‌కి పాటలు ఎక్కించడానికి మాత్రమే దారి ఇచ్చింది, వెనక్కి తీసుకోనివ్వలేదు. 2004లో హై-ఎండీ అనే తర్వాతి తరం మినీడిస్క్‌తో ఆ వీలు వచ్చింది, అదీ హై-ఎండీ పద్ధతిలో రికార్డు చేసినవాటికే. పాత ఎస్పీ (మామూలు నాణ్యత), ఎల్పీ (ఎక్కువ కుదించి ఎక్కువసేపు పట్టించేది) ట్రాకుల్ని కూడా యూఎస్‌బీ మీద ఇచ్చేది 2006 నాటి సోనీ రికార్డర్ ఎంజెడ్-ఆర్‌హెచ్1, అందుకే దానికి ఇప్పటికీ అంత గిరాకీ.

అది లేకపోయినా పని అవుతుంది. నేను నా డిస్కులన్నీ వెబ్ మినీడిస్క్ ప్రోతోనే తీశాను. క్రోమ్ లాంటి బ్రౌజర్లో నడుస్తుంది, విండోస్ అయితే ముందు జాడిగ్ అనే టూల్‌తో విన్‌యూఎస్‌బీ డ్రైవర్ వేసుకోవాలి. అందులో హోమ్‌బ్రూ మోడ్ ఉంటుంది, సోనీ నెట్‌ఎండీ పోర్టబుల్స్ చాలావాటిలో అది ట్రాకుల్ని డిస్క్ మీద ఉన్న ఏట్రాక్ (మినీడిస్క్‌లో శబ్దాన్ని కుదించే సోనీ పద్ధతి) రూపంలోనే బయటికి తీస్తుంది. నెమ్మదిగానే సాగుతుంది, బ్యాటరీ నిండుగా పెట్టుకుని మొదలుపెట్టండి. అంతకంటే ముందు డిస్క్ అంచున ఉన్న చిన్న ట్యాబ్ జరిపి లాక్ చేయండి, పొరపాటున ఏదీ చెరిగిపోదు. హై-ఎండీ రికార్డర్లో పెట్టినప్పుడు ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే మాత్రం చచ్చినా ఒప్పుకోకండి, ఉన్నదంతా పోతుంది.

వచ్చిన ఫైళ్లను నేరుగా ఎంపీ3 చేసేయకండి, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఎస్పీ అంటే సెకనుకు 292 కిలోబిట్లు, ఎల్పీ2 అయితే 132, ఎల్పీ4 అయితే 66 మాత్రమే. అప్పటికే కుదించిన శబ్దాన్ని మళ్లీ కుదిస్తే ఇంకొంత పోతుంది, ఎల్పీ4లో అది చెవికి తెలిసిపోతుంది కూడా. అసలు ఏట్రాక్ ఫైల్ అలాగే దాచుకుని, వినడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కన్వర్టర్‌తో ఫ్లాక్ (ఇంకేమీ పోకుండా దాచే ఫార్మాట్) కాపీ చేసుకోండి.

మీ మోడల్‌కి హోమ్‌బ్రూ పనిచేయకపోతే ఇయర్‌ఫోన్ జాక్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కి కేబుల్ వేసి రికార్డు చేయడమే. గంట డిస్క్‌కి గంట పడుతుంది, రికార్డర్లోని బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేసి చేయండి.