ఎరుపు రావాల్సిన గిన్నె ఆకుపచ్చగా వచ్చింది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సెలవుల్లో పాటరీ వర్క్‌షాప్‌కి పంపడమే మా పొరపాటు. ఇప్పుడు సిరామిక్స్ చదువుతానంటోంది. ఇంత డబ్బు పోసి చదివించింది కుండలు చేసుకోవడానికా? బీటెక్ మేలా, డిజైన్ కోర్సా? తను చేసిన గిన్నె, రాసుకున్న నోట్సు ఫొటోలు పంపుతున్నాను.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నాకొచ్చే ఉత్తరాల్లో ఊళ్లు మారతాయి, కోర్సులు మారతాయి, 'ఇందుకా చదివించింది' మాత్రం మారదు. అయినా 'కుండలు చేసుకోవడానికా' అనడం ఏం మాటండీ? ఇంకోసారి ఆ పిల్ల ముందు అనకండి.

నోట్సు చూశాను. 'వేసింది కాపర్ కార్బోనేటే. ఫొటోలో ఎరుపు, నాకు ఆకుపచ్చ. ఎందుకు?' అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. ఇది అచ్చమైన కెమిస్ట్రీ ప్రశ్న. కుండలు కాల్చే కొలిమిని కిల్న్ అంటారు. కరెంటు కిల్న్‌లో గాలి ఆడుతుంది కాబట్టి రాగి ఆక్సైడుగానే ఉండి గ్లేజుకి, అంటే గిన్నె మీది గాజులాంటి పూతకి, ఆకుపచ్చ ఇస్తుంది. సోడా ఎక్కువున్న గ్లేజులో అదే రాగి నీలిపచ్చకు తిరుగుతుంది. జైపూర్ బ్లూ పాటరీలో కనిపించే లేత రంగు అదే, ముదురు నీలం కోబాల్ట్‌ది. ఎరుపు కావాలంటే గ్యాస్ కిల్న్‌లో గాలి తగ్గించాలి. అప్పుడు మంట రాగి దగ్గరున్న ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. దానికి అర శాతం రాగి చాలు. చైనా కుమ్మరులు వందల ఏళ్ల కిందటే సాధించిన ఎరుపు ఇది. మీరు కట్టిన ఫీజు ఎక్కడికీ పోలేదు.

బీటెక్ సిరామిక్ ఇంజినీరింగ్ ఐఐటీ బీహెచ్‌యూ, ఎన్ఐటీ రూర్కెలాలో ఉంది. అక్కడ గ్లేజులు కొంచెమే, ఉక్కు ఫర్నేసుల్లో వేడిని తట్టుకునే ఇటుకలు (రిఫ్రాక్టరీలు), ఎలక్ట్రానిక్ సిరామిక్స్ ఎక్కువ. డిజైన్ అయితే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ), దానికి వేరే పరీక్ష. 'ఎందుకు' అని అడిగే పిల్ల కాబట్టి నా మొగ్గు బీటెక్ వైపు. రెండూ రాయనివ్వండి. ఏది వచ్చినా ఉద్యోగానికి దారి ఉంది, టెన్షన్ పడకండి.

నాకు భయమల్లా మూడో దారి మీద: డిగ్రీ లేకుండా స్టూడియో పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం. రీళ్లలో కిల్న్ తలుపు తెరిచే క్షణమే చూపిస్తారు, గ్లేజు కారి షెల్ఫుకి అతుక్కుపోయిన కప్పుల్ని చూపించరు. నాకు తెలిసిన ఒకమ్మాయి అలాగే మొదలుపెట్టింది. ఇప్పుడు అద్దె కట్టడానికి వారం వారం పిల్లలకు క్లాసులు చెబుతోంది, సొంత పని ముట్టుకునే తీరికే లేదు. పైగా చాలామంది రంగు బాగుందని రాగి ఎడాపెడా వేసేసి అన్నం గిన్నెలుగా అమ్ముతున్నారు. కళాయి లేని రాగి గిన్నెలో మనం పులుసు పెట్టం కదా, ఇదీ అంతే.

మీ ఇంట్లో ఉన్న ఆకుపచ్చ గిన్నెలో ఈ రాత్రి ఒక నిమ్మచెక్క బోర్లించి ఉంచండి. పొద్దున తీసి, అది ఆనిన చోట రంగు మారిందేమో మీ అమ్మాయితో కలిసి చూడండి. మారితే అందులో పచ్చడి, పెరుగు వద్దు, పెన్నులు వేసుకోమనండి. ఎందుకు మారిందో మాత్రం ఆమెనే చెప్పనివ్వండి.